శాకాహారము కులచిహ్నమా?

మాంసము తినువారి యింట పుట్టి, మాంసము తినుచు పెరిగి, బుద్ధి యెరిగిన పిమ్మట తనంతట తాను దానిని విడిచిన మనుష్యుని గూర్చి, మా గోపాల్‌పేటయందే కాదు, గద్వాల మొదలుకొని వనపర్తి, నాగర్‌కర్నూలు వరకు గల యీ ప్రాంతమంతటను జనులు పలుకు మాట యొక్కటియే: వాడు పెద్దకులముల పంక్తికి ఎగబ్రాకజూచుచున్నాడని. ఊరి పెద్దలు దీనిని ముఖము మీదనే యందురు. "ఏందిరా, నువ్వు గూడ బాపనోనివైతివా?" అని మా పెదనాయన నన్నడిగిన ప్రశ్నలో కోపము లేదు, వాత్సల్యమే యున్నది. కాని ఆ ప్రశ్న వెనుక నిలిచిన సిద్ధాంతము, అడిగినవారి వాత్సల్యమును చూచి మనము విడిచిపెట్టదగినది కాదు. చదువుకొన్న యువకులు ఇదే మాటను మఱింత కఠినముగా, గ్రంథప్రమాణములతో చెప్పుదురు. శాకాహారము కులాధిపత్యమునకు గుర్తు. దానిని పుట్టుకచే పొందినవాడు అహంకారి, కోరి తెచ్చుకొన్నవాడు అనుకర్త. వీరిరువురికంటె భిన్నుడైన మూడవవాడు లేడు. ఈ వాదము అసత్యమని నేను నమ్ముచున్నాను. అసత్యమగుటయే కాక, పశువులయెడ మనుష్యునకు గల సహజమైన జాలిని ఒకటి రెండు కులముల సొత్తుగా వ్రాసియిచ్చుచున్నదని కూడ నమ్ముచున్నాను. కావున దీనిని మొదలంట పరిశీలించి ఖండించుటకు పూనుకొంటిని.

ప్రతివాదికి బలము చేకూర్చు విషయములను దాచుట ఖండనధర్మము కాదు. 2014లో భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయము జరిపిన నమూనా సర్వేలో, పదునైదేండ్లు నిండినవారిలో మాంసాహారులు దేశమంతటిలో నూటికి 71 మంది వరకు ఉండగా, తెలంగాణమున 98 మందికి పైబడి యుండిరి. ఏ రాష్ట్రమునందును ఇంతకు మించిన పాళ్లు కనబడలేదు. నూటికి ఒక్కడు మాత్రము మిగిలెను. ఆ యొక్కడు ఎదురుపడినపుడు, వీడు బ్రాహ్మణుడో, కోమటియో, లింగాయతుడో అయియుండునని ఊహించుట లెక్క ప్రకారము వింత కాదు. ఐనను లెక్కనుబట్టి చేసిన యూహ వేఱు, ఒక మనుష్యుని అంతఃకరణమును గూర్చిన తీర్పు వేఱు. మొదటిదానిని రెండవదానికి సాక్ష్యముగా నిలుపుట మా వాదుల తొలి పొరపాటు.

వారి రెండవ ఆధారము సమాజశాస్త్రము. ఎం. ఎన్. శ్రీనివాస్ గారు కూర్గు జనుల మతమును, సంఘమును గూర్చి 1952లో ప్రకటించిన గ్రంథమున, తక్కువగా చూడబడిన కులము మాంసమును, మద్యమును విడిచి, పై కులముల యాచారములను చేపట్టి, ఒకటి రెండు తరములలో తన స్థానమును పెంచుకొనజూచు విధమును వర్ణించి, దానికి సంస్కృతీకరణమని పేరు పెట్టిరి. అది కులములు సమూహములుగా చేయు పనిని గూర్చిన పరిశీలన. వ్యక్తి యొకడు తన బంధువులెవ్వరును విడువనిదానిని తానొక్కడే విడిచి, అందువలన తన కులములో గౌరవము పొందుటకు బదులు పరిహాసమును పొంది, పై కులమువారి పంక్తిలో ఒక్క విస్తరి యైనను సంపాదింపకున్నచో, ఆ పరిశీలన వానికి ఎట్లు వర్తించును? గోపాల్‌పేటలో మాంసము విడిచినందున నాకు హెచ్చిన మర్యాద ఏదియు లేదు. పెండ్లి మఱునాటి దావత్తులో నాకొక ప్రత్యేకమైన పని హెచ్చినది, వచ్చిన ప్రతి చుట్టమునకు కారణము చెప్పుట.

ఇంతకంటె బరువైన మూడవ ఆధారమున్నది. దానియెదుట నేను తలవంచి మాటలాడవలసియున్నది. తిండినిబట్టి మనుష్యుని హీనుని చేసిన చరిత్ర మన దేశమున నిజముగా నడచినది, నేటికిని నడచుచున్నది. మాంసము తినువారికి ఇల్లు అద్దెకు ఇయ్యమని హైదరాబాదు మహానగరమున బోర్డు మీద వ్రాయకున్నను నోటితో చెప్పు యజమానులను ఎరుగనివారు అరుదు. చచ్చిన పశువు మాంసముతో కడుపు నింపుకొనవలసిన స్థితికి కొందరిని నెట్టి, తరువాత ఆ తిండినే నెపముగా జూపి వారిని ఊరి వెలుపల నుంచిన క్రౌర్యమును ఏ శాకాహారము కడిగివేయజాలదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినపుడు, వారు కోరినది మాంసము మాత్రమే కాదని, తమ తల్లులు వండిన వంటను తలయెత్తుకొని తినగల స్థానమని నేను గ్రహించితిని. ఆ విషయమున నేను వారి పక్షముననే యున్నాను. ఎవని కంచములోనికిని తొంగిచూచు అధికారము ఎవనికిని లేదు.

అయితే ఈ అవమానచరిత్రను ఎత్తిచూపు యువకులు ప్రమాణముగా చూపు గ్రంథమును పూర్తిగా చదివిన పక్షమున, వారి తీర్మానము నిలువదు. డాక్టర్ అంబేడ్కర్ 1948లో ప్రకటించిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథమున, బ్రాహ్మణులు శాకాహారులెట్లైరను ప్రశ్నను తీసికొని విచారించిరి. ఆయన చెప్పిన సమాధానము సంగ్రహముగా ఇది: యజ్ఞములయందు పశువులను వధించి తినుచుండిన వర్గము, ఆ హింసను నిరసించిన బౌద్ధమునకు ప్రజాదరణ హెచ్చుట చూచి, కోల్పోయిన స్థానమును మరల సంపాదించుటకై, బౌద్ధభిక్షువులకంటె ఒక యడుగు ముందునకు వేసి మాంసమునే విడిచెను. ఈ సిద్ధాంతమును ఒప్పుకొన్నవాడు మఱియొకదానిని కూడ ఒప్పుకొనక తప్పదు: పశువును చంపుట దోషమను భావము ఆ వర్గమున పుట్టినది కాదు, యజ్ఞశాలను ఎదిరించినవారి నుండి వచ్చినది, ప్రజలు మెచ్చినందున పై వర్గమువారు దానిని చేజిక్కించుకొనిరి. చేజిక్కించుకొన్నవానికే ఆ సొత్తు చెందునని వాదించువారు అంబేడ్కర్ వాదమును తలక్రిందులు చేయుచున్నారు. ఆ గ్రంథమును పట్టుకొనియే నేను చెప్పుచున్నాను: పశువధను చూచి కలత చెందుటకు బ్రాహ్మణుని అనుమతి అక్కరలేదు, వాని యనుకరణమును అక్కరలేదు.

మన నేలమీది సాక్ష్యము కూడ ఇట్లే చెప్పుచున్నది. కృష్ణను, తుంగభద్రను దాటి కర్నూలు జిల్లాకు పోయినవారు ఎఱ్ఱగుడి వద్ద బండలమీద బ్రాహ్మీలిపిలో చెక్కిన అశోకుని ధర్మశాసనములను చూడవచ్చును. వానిలో మొదటిది పశువధను గూర్చినది. బలికొఱకు ప్రాణిని చంపరాదని అందు రాజు ఆజ్ఞాపించినాడు. తన వంటశాలలో లోగడ దినమునకు లక్షలకొలది ప్రాణులు చచ్చుచుండెడివని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవని, అందును లేడి నిత్యము కాదని, మునుముందు ఆ మూడును చంపబడవని చెప్పుకొన్నాడు. నాకు ఆ శాసనమున మిక్కిలి నచ్చినది ఈ లెక్కయే. మానివేసితిమని గొప్పలు చెప్పక, ఇంకను మూడు మిగిలియున్నవని చక్రవర్తి తన ప్రజలకు రాతిమీద తెలిపినాడు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున తెలుగునేలమీద వెలసిన ఈ మాట ఏ పంక్తిభోజనమును గోరి చెప్పబడినది? మఱి ఇటు ఉత్తరముగా జడ్చర్ల సమీపమున ఆల్వాన్‌పల్లి వద్ద నిలిచియున్న గొల్లత్తగుడి, ఇటుకలతో కట్టిన జైనాలయము, వేయియేండ్లకు పైబడి మన పాలమూరిలోనే అహింసను బోధించినవారి జాడ. జైనుడు వేదమును ప్రమాణముగా గైకొనలేదు; ఐనను మాంసమును ముట్టలేదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కులభేదమును త్రోసివేసి శివభక్తులందరిని ఒక్క పంక్తికి తెచ్చెను. బ్రాహ్మణకన్యకు చర్మకారుని కుమారునితో వివాహము జరిపిరన్న కారణమున ఆ యుద్యమము రాజదండనము పాలయ్యెను. ఆ బసవని కథను ద్విపదలో తెలుగున వ్రాసిన పాల్కురికి సోమనాథుడు మన తెలంగాణమువాడే. ఆ బసవని మార్గమును పట్టిన లింగాయతులు మాంసము ముట్టరు. రాయచూరు నుండి గద్వాల వరకు వారి యిండ్లు నేటికిని కలవు. వారిలోనికి కూడ కాలక్రమమున కులము చొరబడినదన్నమాట నిజమే, కాని మాంసత్యాగము అక్కడ కులమును కాపాడుటకు మొదలిడలేదు. బ్రాహ్మణుల డంబమును వేమన ఎంత నిర్మొగమాటముగా దూఱెనో ప్రాణిహింసను అంతే నిర్మొగమాటముగా దూఱెను. ఒకే నోటినుండి వెలువడిన ఈ రెండు నిందలలో ఒకదానిని చప్పట్లతో స్వీకరించి రెండవదానిని విననట్లు నటించుట న్యాయము కాదు. మన పొరుగుననున్న ఛత్తీస్‌గఢమున, అంటరానివారుగా ఎంచబడిన జనులలో పుట్టిన గురు ఘాసీదాసు విగ్రహపూజను, కులభేదమును కాదని సత్‌నామీ పంథమును నెలకొల్పుచు మాంసమును నిషేధించెను. మధ్యాహ్నము దాటిన పిదప ఎద్దులను కట్టి దున్నరాదని కూడ విధించెను. ఎండలో రొప్పు ఎద్దును చూచి ఆ నియమమును పెట్టినవాని మనస్సునకు అనుకరణమని పేరు పెట్టగలవాని మనస్సు ఎట్టిదో నేను ఊహింపజాలను.

కులము పాటించు శాకాహారమునకును నేను పాటించు దానికిని గల భేదమును మా వంటయింటిలోనే చూపగలను. దసరానాడు మా యింట యాట తెగును, మా యమ్మ కూర వండును. అదే పొయ్యిమీద, అదే గిన్నెలలో, అదే చేతితో నాకు పప్పు, పచ్చిపులుసు కూడ వండును. బగారన్నము అందరికి ఒకటియే. నేను వేఱు గిన్నె అడుగలేదు, వేఱు వరుస అడుగలేదు. మాంసము తినుచున్న మా తమ్ముని ప్రక్కనే, వాని మోచేయి నాకు తగులుచుండగా, కూర్చుండి తినుచున్నాను. మడి, అంటు, ఎంగిలి అను భావములతో నా వ్రతమునకు ఏ సంబంధమును లేదు. కులశాకాహారికి వండినదెవరను విచారణ ముఖ్యము. నాకు ఆ విచారణ లేదు, ఏ వాడలో ఎవరు వండిపెట్టిన జొన్నరొట్టెయైనను, పుంటికూరపప్పైనను కూర్చుండి తినెదను. పంక్తిని విడదీయుటకే పుట్టిన యాచారమును, పంక్తి విడువక పాటించు నియమమును ఒక్కటిగా చెప్పువారు రెండింటిలో దేనిని గూర్చియు ఆలోచింపలేదని నా నిశ్చయము.

ఇక నేను విడిచిన కారణము. అది ఏ స్వామి బోధయు కాదు, ఏ వైద్యుని హెచ్చరికయు కాదు. ఒక ప్రాణిని, అది భయపడుచు పెనుగులాడుచుండగా, నా చేతితో చంపజాలనని నాకు తెలిసినది. నేను చేయజాలని పనిని కత్తి పట్టువానిచే చేయించి, ఆ ఫలమును తిని, పైపెచ్చు వాని వృత్తిని నీచమని యనుకొనుట మా యూరి మర్యాదస్థులందరి యలవాటు. అది నాకు సహింపరానిదయ్యెను. కత్తి పట్టినవానియందు నాకు దోషబుద్ధి లేదు; వాడు మా యాజ్ఞను నెరవేర్చువాడు. వెనుకటి దినములలో ఈ యాజ్ఞ ఏటికి కొన్ని మాఱులే వెడలెడిది: పోచమ్మకో, మైసమ్మకో, పెండ్లికో. పెరటిలో మేసి పెరిగిన నాటుకోడి పండుగనాడు తెగెడిది. ఇప్పుడు కూడలికొక చికెన్ దుకాణము. షెడ్డులో వేలకొలది పక్షులతో ఇరుకున పెరిగి, ఆరు వారములలో రెండు కిలోల బరువునకు తేబడి, ఇనుపబుట్టలలో వాహనమెక్కి, కాళ్లు పట్టి తలక్రిందులుగా తూచబడు బ్రాయిలర్ కోడి, పుట్టినది మొదలు చచ్చువరకు ఒక్కనాడైనను మట్టిని గీరి యెరుగదు. ఆచారము పేర దీనిని సమర్థించువారు, మన పూర్వుల యాచారమున ఇట్టిది లేదని తెలిసికొనవలెను. నా నిర్ణయమున సగపాలు పాత దయ, సగపాలు ఈ కొత్త క్రౌర్యమును చూచిన యలజడి.

"ముక్క ముట్టకుంటె ఒంట్ల సత్తువ యాడికెళ్లొస్తది బిడ్డా?" అని అడుగు పెద్దమ్మలకు పాలమూరు లేబరును చూపెదను. గుంపు మేస్త్రీల వద్ద ముందుగా బయానా తీసికొని, పిల్లాజెల్లలతో దేశమంతట తిరిగి, ఆనకట్టలకు, కాలువలకు మట్టి త్రవ్వి రాళ్లెత్తిన మా జిల్లా కూలీల పేరు కట్టడములు జరుగు ప్రతి చోట వినబడినది. 1955లో పునాది పడిన నాగార్జునసాగరము యంత్రములకంటె మనుష్యుల భుజముల మీదనే ఎక్కువగా లేచినది. అట్టి భుజములను పోషించినది జొన్నరొట్టె, గటక, అంబలి, పల్లీల తొక్కు, పచ్చిపులుసు; మాంసము పండుగనాటి మాట. వారు కోరి అట్లు తినలేదు, పేదరికము తినిపించినది. వారిలో పలువురకు కడుపునిండ తిండియే దొరకలేదన్నది నేను మఱువను, ఆ పస్తును ఆదర్శముగా చూపుట పాపము. కాని బలము మాంసమునందే కలదను మాటకు వారి జీవితము ప్రత్యక్ష ఖండనము. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, వారి సహచరులు చేసిన పరిశోధనలు కూడ, మన పేదపిల్లల లోపము ప్రధానముగా చాలినంత తిండి లేమియేనని, ధాన్యమును పప్పును కలిపి కడుపునిండ తిన్నచో మాంసకృత్తుల కొఱత చాలవఱకు తీరునని చూపినవి. ఆ సంస్థ పట్టికలలో నూఱు గ్రాములకు పల్లీకి 25 గ్రాములు, కందిపప్పునకు 22, గొఱ్ఱెమాంసమునకు 18 గ్రాముల మాంసకృత్తులు వేయబడియున్నవి. మాంసము పచ్చిది, నీటితో కూడినది. దాని మాంసకృత్తులు సులభముగా ఒంటబట్టును. ఈ భేదములను దాచను. జొన్నలో కొఱతపడినదానిని పప్పు పూరించును, పప్పులో కొఱతపడినదానిని జొన్న పూరించును. రెండును మా వనపర్తి పొలములలోనే పండుచున్నవి, పల్లీకి చెప్పనే యక్కరలేదు. బి12 విటమిను మాత్రము మొక్కలయందు దొరకదు. అందుకై నేను పాలు, పెరుగు వాడుచున్నాను. పాడి యింట కోడెదూడ గతి ఏమగునో యెరిగినవాడనే. ఆ ప్రశ్న నన్ను విడిచిపోలేదు, అశోకుని వంటశాలలో మిగిలిన లేడివలె.

చెట్టునకు ప్రాణము లేదా యని అడుగువారికి దీర్ఘముగా ఉత్తరమియ్యను. వరిదుబ్బునకు మెదడు లేదు, నరములు లేవు. కత్తిని చూచి వెనుకకు లాగుకొను మేకకు రెండును కలవు. పైగా కోడి తిను మక్కలు, సోయా కూడ మొక్కలే. మొక్కలయెడ నిజముగా జాలి గలవాడు కోడిని తినక పోవుటచే ఎక్కువ మొక్కలను కాపాడును.

గొల్లకుర్మల బ్రతుకేమగునను ప్రశ్న మాత్రము బరువైనది. 2017లో రాష్ట్రప్రభుత్వము ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచెను. 2019 పశుగణనములో తెలంగాణము 1 కోటి 90 లక్షలకు మించిన గొఱ్ఱెలతో దేశమున మొదటి స్థానము నందుకొన్నది. నూటికి తొంబదియెనిమిది మంది తినుచున్న చోట నా యొక్కని మానుకొనుటచే ఏ కాపరి పొయ్యియు ఆరదు. వారికి జరిగిన నష్టము మఱియొక వైపునుండి వచ్చినది. నల్లని ఉన్ని యిచ్చు దక్కని గొఱ్ఱె, దాని ఉన్నితో నేసిన గొంగడి, రాత్రి పొలములో మందను నిలిపి ఎరువునకు రైతు కొలిచియిచ్చిన గింజలు, ఇవన్నియు కాపరికి బ్రతికియున్న గొఱ్ఱెనుండి వచ్చిన రాబడి. గొంగడికి గిరాకి పడిపోయి, మాంసమునకై నెల్లూరు జాతి గొఱ్ఱెలు దక్కని మందల చోటున చేరి, మందను కోతకు అమ్ముటయే మిగులుచున్నది. కాపరియెడ మమకారము గలవారు ఒక గొంగడి కొనుటతో మొదలిడవచ్చును.

ఇంత చెప్పినవాడు అంగన్‌వాడీలో గ్రుడ్డు వలదనునేమోయని కొందరు శంకింతురు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకు, బాలింతలకు పూటభోజనముతో పాటు గ్రుడ్డు, పాలు ఇయ్యబడుచున్నవి. ఆ గ్రుడ్డు ఇయ్యబడి తీరవలెను. మతము పేర పేదపిల్లల కంచమునుండి గ్రుడ్డును తొలగించు శాకాహారులతో నాకు ఏ బంధుత్వమును లేదు. నా దయ నా కంచమునకు హద్దు కట్టుకొన్నది. ఇతరుల ఆకలిమీద దానికి అధికారము లేదు.

ఇక పుట్టుకకును వ్రతమునకును గల సంబంధము. గాంధీగారు శాకాహారుల వంశమున పుట్టి, తల్లికిచ్చిన మాట కొఱకు లండనులో మాంసము ముట్టక, ఆ మాటను భారముగా మోయుచుండిరి. ఫారింగ్‌డన్ వీధిలోని భోజనశాలలో హెన్రీ సాల్ట్ పుస్తకము కొని చదివిన పిదపనే తాను ఇచ్ఛాపూర్వకముగా శాకాహారినైతినని ఆత్మకథలో చెప్పుకొనిరి. 1931 నవంబరు 20న అదే నగరమున శాకాహారసంఘము సభలో, సాల్ట్ వేదికమీద నుండగా, ఆరోగ్యము నమ్ముకొన్న శాకాహారము నిలువదని, నైతికమైన పునాది కావలెనని ఉపన్యసించిరి. పుట్టుకచే వచ్చినదానిని ఆయన వ్రతముగా లెక్కింపలేదన్నది గమనింపదగినది. పుట్టుకకు ఎదురీది దానిని చేపట్టినవానిని మాత్రము మా వాదులు పుట్టుకకే మరల కట్టివేయుచున్నారు.

ఊరకుండక ఇదంతయు ఏల చెప్పవలెనని అడిగినచో, మా యిండ్లలోని పిల్లలను తలచి చెప్పుచున్నాను. ఏ యింటనైనను పదునాలుగేండ్ల పిల్ల, తాను మేపిన మేకపిల్ల పండుగకు తెగిన మఱునాడు, నాకు కూర వద్దనినచో, తల్లిదండ్రులు దానిని జ్వరమందురు, దిష్టియందురు, తుదకు కులము మాట ఎత్తి, "మనోళ్లల్ల ఈ నకరాలు యాడివి?" అని బలవంతముగా వడ్డింతురు. ఆ పిల్లకు శ్రీనివాస్ గారి గ్రంథము తెలియదు, బ్రాహ్మణపంక్తి ఎట్లుండునో తెలియదు. ఎందుకు వద్దనినదో ఆమెనే అడుగవలెను; ఆమె చెప్పునంతవఱకు, చెప్పిన పిదపను, కంచములో పప్పే వేయవలెను.